రొయ్యల గోదాంలో సముద్రతీరం

శతభిషం కార్తె

ఆటగత్తెలందరూ రోజూ డైరీ రాయాలని హర్షిణి మేడమ్ చెప్పింది. ఉల్లాసంగా రాయాలట. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య అందులోంచి రెండు ముక్కలు టీవీలో చదివిస్తారట. నాకు ఉల్లాసంగా రాయడం రాదు. అందుకని ఆవిడకొకటి రాసిస్తున్నాను, నాకోసం ఇది రాసుకుంటున్నాను. ఆవిడకిచ్చేదాంట్లో తారీఖులుంటాయి. ఇందులో కార్తెలే ఉంటాయి. ఎండ ఎంత దగ్గరికొచ్చిందో మావాళ్ళకి తెలిసేది కార్తెతోనే.

నా పేరు మైలపల్లి నూకరత్నం. మాది గవ్వలపేట. ఇప్పుడా ఊరు చూడాలంటే పడవెక్కి వెళ్ళి కిందకి చూడాలి. సముద్రం లోపలికి వచ్చేశాక మమ్మల్నందర్నీ మెట్ట మీద రేకుల కాలనీలో పెట్టారు. పొద్దెక్కగానే సైరన్ మోగుతుంది, మళ్ళీ పొద్దు వాలేదాకా బయట తిరగకూడదు. తడిగోనె కప్పుకుని టీవీ చూస్తూ పడి ఉండటమే అక్కడ పగలంటే. ఇంతమంది ఇలా పడి ఉన్నారు కాబట్టే తీరం టీవీ వాళ్ళకి ఈ ఆలోచన పుట్టింది. ఒడ్డు మిగలని కాలంలో బీచ్ వాలీబాల్, అదీ ఆడవాళ్ళ లీగ్, అదీ నాలుగు గోడల మధ్య.

మొత్తం ఆరు జంటలం. కోర్టు ఉన్నది పాత రొయ్యల గోదాంలో. రొయ్యల చెరువులు పోయాయి, రొయ్యలు పోయాయి, గోదాం మాత్రం మిగిలింది. ఈ చుట్టుపక్కల చల్లగా ఉంచగలిగిన పెద్ద కట్టడం ఇదొక్కటే. గోడలకి నీలం రంగేసి పైకప్పు మీద తెల్లమబ్బులు దిద్దారు. ఓ మూల ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు నిలబెట్టారు. ఇసుక మాత్రం నిజమైనదే. ఎక్కడినుంచి తెచ్చారంటే ఎవరూ చెప్పరు. పొద్దున్నే నీళ్ళు చల్లితే గచ్చులోంచి రొయ్యపొట్టు వాసన గుప్పుమంటుంది. టీవీలో వాసన రాదు కాబట్టి ఎవరికీ బాధ లేదు.

ఇసుక పని కూడా మాదే. కొందరం ఇసుక చదునుకి దంతె లాగాలి, కొందరం జల్లెడ పట్టాలి, కొందరం నీళ్ళు చల్లాలి. కాలనీలో మా వీధి మొత్తానికి వచ్చే నీళ్ళు ఇక్కడ ఒక్క పూట కోర్టు మీద పోస్తాం. మొదటిరోజు వదిన బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఇసకకి దాహవేస్తాదేటే?” అంది.

“సల్లమన్నారు గదా, సల్లీ” అన్నాను.

వదినంటే మా అన్న భార్య అప్పలకొండ. మా అన్న సముద్రపు గోడ కట్టే పనిలోకి వెళ్ళి ఆ గోడ కిందే పోయాడు. అప్పట్నుంచీ మేమిద్దరమే. తుఫాను షెల్టర్‌లో పాత వల అడ్డంగా కట్టి బంతాడేవాళ్ళం, తుఫాను రోజుల్లో వేరే పనేముంటుంది గనక. మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చిన టీవీ వాళ్ళు అది చూసి మా ఇద్దర్నీ జంటగా తీసుకున్నారు.

అసలు సంగతి రాయాలి. కిందటి రోహిణిలో వదినకి ఎండదెబ్బ తగిలింది. మనిషి దక్కింది గానీ ఒంటికి చెమట పట్టే గుణం పోయింది. చల్లగా ఉన్నచోట ఆవిడకి ఏ లోటూ లేదు, నాకంటే బాగా పరిగెడుతుంది. వేడిలో మాత్రం ఒళ్ళు కుండలా కాగుతుంది, దిగదు. ఇంకో రోహిణి రేకుల కింద గడిపితే బతకదని ఆస్పత్రిలో నన్ను పక్కకి పిలిచి చెప్పారు. నేను ఆవిడతో అనలేదు. అనకపోయినా ఆవిడకి తెలుసు.

లీగ్‌లో మొదటి నాలుగు జంటలకి చలవ చీటీ ఇస్తారు. అది ఉంటే వానలు పడేదాకా గోదాం వెనక చల్లగదుల్లో ఉండొచ్చు. నేను ఆడేది ఆ చీటీ కోసమే. కప్పు ఎవరెత్తుకుపోయినా నాకు పట్టదు.

పూర్వాభాద్ర

బట్టల దగ్గర గొడవైంది. మా అందరికీ తలా ఒక బెత్తెడు నిక్కరు, చేతుల్లేని బనీను ఇచ్చారు. బందరు జంట తబిత, సువార్త అవి చూసి తలుపేసుకుని కూర్చున్నారు. వదిన నిక్కరుని రెండు వేళ్ళతో పైకెత్తి చూసింది.

“వల లాగినన్నాళ్ళూ గోచీ ఎగ్గట్టిన మనిషిని, నాకేటి సిగ్గు. గానీ అమ్మా, ఇది గోచీ కాదు, గోచీకి పెట్టిన అతుకు.”

హర్షిణి మేడమ్ పడీ పడీ నవ్వింది. నవ్వి, కెమెరా పిలిపించి, ఆ మాటే మళ్ళీ అనమంది. వదిన మళ్ళీ అంది. రెండోసారి ఎవరికీ నవ్వు రాలేదు. చివరికి మోకాళ్ళదాకా వచ్చే నిక్కర్లు కుట్టించారు, అవి వదిన గెలిచి తెచ్చినవే.

హర్షిణి మేడమ్ చెడ్డమనిషి కాదు. కొండమీది టౌన్ నుంచి వచ్చింది, సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. భోజనాల దగ్గర మా పక్కనే కూర్చుంటుంది, అలలు ఎంత ఎత్తు లేచేవని అడుగుతుంది. చెబితే రాసుకుంటుంది.

ఇవాళ కేకల పాఠం. ఇద్దరే ఆడే ఆటలో కాళ్ళెంతో నోరూ అంత. బంతి ఎవరిదో అరిచి చెప్పుకోవాలి. అందరికీ నేర్పినట్టే మాకూ “నాది”, “నీది” అనమని నేర్పారు. నేను నాది అంటే వదినకి నీది అని వినబడింది, ఇద్దరం ఒకేసారి ఉరికి తలలు కొట్టుకున్నాం. గోదాంలో మాట గోడకి తగిలి తిరిగొస్తుంది, అందులో నాకీ నీకీ తేడా తెలియదు. వదిన నుదుటి మీద బొప్పి కట్టింది.

“ఇదంతా ఎందుకే. నాను పిల్లా అంతాను, నువ్వొచ్చీ. నువ్వు వదినా అను, నానొత్తాను” అంది.

అదే ఖాయం చేసుకున్నాం. బంతి గీత దాటి పోతుందనుకుంటే ముట్టుకోకుండా వదిలెయ్యాలి, అది బయట పడితే పాయింటు మనదే. దానికి నేను “వదిలెయ్” అంటాను. వెనక ఆడేది ఆవిడ, వల దగ్గరుండేది నేను. కాబట్టి పిలవాల్సిందీ, ఆపాల్సిందీ ఎక్కువగా నేనే.

రెండు మాటలకీ మొదలొకటే అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఉత్తరాభాద్ర

నిన్న లీగ్ మొదలైంది. మంత్రిగారు ఇంకో ఊళ్ళో చల్లగదిలో కూర్చుని తెర మీంచి రిబ్బన్ కత్తిరించారు. ఇక్కడి రిబ్బన్ దానంతటదే తెగి ఇసుకలో పడింది. అందరం చప్పట్లు కొట్టాం.

కోర్టు చుట్టూ ఒక్క కుర్చీ లేదు. జనాన్ని రానిస్తే వాళ్ళ ఒంటివేడికి గోదాం వేడెక్కుతుందట. అందుకని జనం బదులు జనం చప్పుడు పెట్టారు. పైన మబ్బుల మధ్య ఒక యంత్రం ఉంది. బంతి లేవడం అది చూస్తుంది, చూసి ఈలలూ కేకలూ వేస్తుంది. బంతి లేనప్పుడు సముద్రం వేస్తుంది. ఆ సముద్రం ఏ దేశానిదో మరి, మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది. వదిన కాసేపు చెవి ఒగ్గి వింది.

“ఇది సముద్రం కాదు. సెరువు” అంది.

ఆటలో మాత్రం అదరగొట్టాం. కాకినాడ జంట మీద రెండు సెట్లూ మావే. నేను “వదినా” అని అరవడం, ఆవిడ ఎక్కడున్నా వచ్చి బంతి కింద చెయ్యి పెట్టడం. ఒకసారి మోకాళ్ళ మీద జారుకుంటూ వచ్చి లేపింది. ఆట అయ్యాక ఇసుకలో కూర్చుని నవ్వుతోంది, ముఖం మీద ఒక్క చెమటచుక్క లేదు. చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగానే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషానికే.

రేవతి

మేం పేరుపడ్డాం. ఆటకి కాదు, పిలుపుకి.

మా బనీన్లకి చిన్న మైకులు పెట్టారు. అందులోంచి మా వేళాకోళాలన్నీ ఇంటింటికీ వెళ్తున్నాయి. నేను బంతి తప్పితే వదిన “కన్ను గుడిలో మొక్కుకొచ్చీసినావేటే” అంటుంది. ఆవిడ తప్పితే నేను “మా అన్నకి నిన్ను సూపించిన పంతుల్ని అనాల” అంటాను. మేం ఎప్పుడూ అనుకునే మాటలే ఇవి. వాటి కోసమే జనం చూస్తున్నారట. పిల్లలు వీధుల్లో “వదినా” అని అరుస్తూ బంతాడుతున్నారట. ఆ మాట అచ్చేసిన బనీన్లు అమ్ముతున్నారు. తబిత ఒకటి తెచ్చి వదిన ఒంటికి ఆనించి చూపించింది, నా పిలుపు వదిన గుండెల మీద అచ్చేసి ఉంది.

నిన్నటి మ్యాచ్‌లో ఒక సంగతి జరిగింది. బంతి లేవగానే గోదాం నాలుగు వైపుల నుంచీ “వదినా” అని వినబడింది. నేనింకా నోరు తెరవలేదు. ఆ గొంతు నాదే. యంత్రం నా మైకులోంచి నా కేకని తీసుకుని, దాన్ని వెయ్యిమంది కేక చేసి మళ్ళీ మా మీదకే వదులుతోంది. వదిన ముందుకి ఉరికింది. బంతి నా చేతిలోకి రావలసింది. ఇద్దరం గుద్దుకున్నాం.

“పిలిసినావు గదే” అంది వదిన.

“నాను కాదు, ఆ డబ్బా.”

వదిన పైకి, మబ్బుల వైపు చూసింది. “నీ గొంతు నీకంటే బాగా వచ్చింది దానికి” అంది. నవ్వాం. టీవీలో ఆ నవ్వు కూడా వేశారు. ఆ మ్యాచ్ ఓడిపోయాం.

అశ్విని

వరుసగా ఓడుతున్నాం. రెండో చోటు నుంచి నాలుగో చోటుకి జారాం. బంతి పైకి లేచిన ప్రతిసారీ నా గొంతు ఆవిణ్ణి పిలుస్తోంది. ఆవిడ కాళ్ళు ఆ పిలుపుకి అలవాటుపడి ఉన్నాయి, బుర్ర ఆపేలోపే కదులుతాయి.

హర్షిణి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆ ఒక్క కేకా తీసేయమని అడిగాను.

“నూకరత్నంగారూ, మిగతా లీగ్ ఎవరూ చూడట్లేదు. మీరు నమ్మరు గానీ, జనం ఆ కేక కోసమే పెడుతున్నారు. అది తీసేస్తే పైవాళ్ళు లీగ్‌నే తీసేస్తారు” అంది.

“మరి మేం ఓడిపోతన్నాం మేడమ్.”

“నాకు తెలుసు.” ఆవిడ కళ్ళు కింద గాజుబల్ల మీద ఉన్నాయి. “లీగ్ పోతే నా చలవ ఇల్లు కూడా పోతుంది. మా అమ్మ కూడా అందులోనే ఉంది.”

ఆవిడ తల్లికీ ఒక చల్లగది కావాలి. నా నోటికి వచ్చినవన్నీ మింగేశాను. పోనీ మా కేకే మార్చుకుంటామన్నాను. ఒప్పందంలో “వదినా” అనే పిలుపు ఉండాలని రాసుందట. ఇక మార్చుకోగలిగింది రెండో మాట ఒక్కటే. “వదిలెయ్”కి బదులు “మానెయ్” అనాలని ఇద్దరం అనుకున్నాం. ఇసుక జల్లెడ పడుతూ, అన్నం తింటూ, తల దువ్వుకుంటూ మానెయ్ మానెయ్ అని అప్పచెప్పుకుంటున్నాను. పుట్టినప్పట్నుంచీ నోట నానిన మాట పక్కకి తప్పుకోనంటోంది.

సెలవు రోజు సైరన్‌కి ముందే కాలనీకి వెళ్ళొచ్చాం. అప్పుడే రేకులు ముట్టుకోలేనట్టున్నాయి. నీళ్ళ ట్యాంకు దగ్గర వరసలో ఉన్నవాళ్ళంతా “వదినొచ్చింది” అంటూ మూగారు. తెడ్డు రామన్న తాత, వదినకి తాత వయసున్నవాడు, చేతులు జోడించి “వదినా, బాగున్నావా” అన్నాడు. ఆయన మనవరాలూ వదినే అంది. తిరిగొచ్చే దారిలో ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి కాలనీ వైపు చూసింది.

“ఊరందరికీ వదిన్నయిపోనాను. పేరెట్టి పిలిసీవోళ్ళు ఒక్కరూ మిగల్లేదు” అంది.

అని, నీడ కనబడ్డ చోట ఆగింది. చెయ్యి పట్టుకుంటే కాలింది. గోదాం తలుపు దాకా దాదాపు మోసుకొచ్చాను. లోపలికొచ్చి చల్లటి ఇసుకలో పడుకుంది. ఒంటివేడి దిగడానికి ఆ పూటంతా పట్టింది. రోహిణి ఇంకా రాలేదు, ఇది అశ్వినే. నాకు భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది.

భరణి

నిన్న ఆఖరి మ్యాచ్. నాలుగో చోటు కోసం మాకూ బందరు జంటకీ మధ్య. ఓడినవాళ్ళు బయటికి.

ఆటకి ముందు తబిత వచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. “మా అమ్మ కూడా రేకుల కిందే ఉందండి అక్కా. ఏం చేస్తాం” అంది. వదిన ఆవిడ తల నిమిరింది. “బాగా ఆడమ్మా. మేవూ ఆడతాం” అంది.

మొదటి సెట్ మాది, రెండోది వాళ్ళది. మూడో సెట్‌లో గెలవడానికి మాకు ఒక్క పాయింటు కావాలి. యంత్రానికి కూడా ఆ సంగతి తెలుసు. నా గొంతుని ఎన్ని వేలు చేసిందో, కాళ్ళ కింద ఇసుక అదురుతోంది. సువార్త బంతిని బలంగా కొట్టింది. నా తల మీంచి పోయింది. వెనక్కి తిరిగి చూశాను. బంతి చాలా ఎత్తులో ఉంది, ఖచ్చితంగా గీత దాటుతుంది. ముట్టుకోకపోతే చాలు, చీటీ మాది.

మానెయ్ అనాలి. నా నోట్లోంచి “వదిలెయ్” వచ్చింది.

నా నోట్లోంచి వచ్చింది అది. పైనుంచి వచ్చింది “వదినా”. రెండూ ఒకేసారి, రెండూ నా గొంతే. వదిన గాల్లోకి ఎగిరింది. నాకు కనబడుతూనే ఉంది, ఆపలేను. వేళ్ళ కొసలకి తగిలి బంతి పక్కకి పోయింది. ఆ తర్వాత రెండు పాయింట్లు వాళ్ళకే పోయాయి. అవెలా పోయాయో నాకు గుర్తు లేదు.

తబిత మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేస్తోంది, ఏడుస్తోంది. వదిన ఇసుక దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“వదిలెయ్ అన్నాను వదినా” అన్నాను.

“అవునా. పిలిసినావనుకున్నాను.”

“అది బయటకి పోతంది.”

“నాకూ అలాగే అవుపించింది. గానీ నీ గొంతే గదే. నువ్వు పిలిస్తే నాను రాకుంటానా?” అంది.

కోపంగా అనలేదు. నన్ను ఓదార్చడానికే అంది. తిట్టినా బాగుండేది.

భరణి, చివర

హర్షిణి మేడమ్ నన్నొక్కదాన్నే పిలిచింది. లీగ్ అయ్యాక వానలదాకా సరదా మ్యాచ్‌లు పెడతారట. వాటికి నన్ను ఉంచుకుంటారట. గొంతు నాది కాబట్టి. వదినని ఉంచుకోవడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదట, వయసూ ఆరోగ్యమూ అడ్డమట. చలవ చీటీ మీద నాతోపాటు ఇంకొకరిని తెచ్చుకోవచ్చంది. నా ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి వదినని లాక్కొచ్చాను.

చీటీలిచ్చే కిటికీ దగ్గర ఒకాయన ఉన్నాడు, మర్యాదస్తుడు.

“ఈవిడ మీకేమవుతారమ్మా?”

“మా అన్న భార్యండి.”

“అన్నగారు ఉన్నారా?”

“లేరండి. పోయారు.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “భర్తగానీ, రక్తసంబంధంగానీ అయితేనే అమ్మా. అన్నగారుంటే ఆయన్ని తెచ్చుకోవచ్చు. ఆయన లేనప్పుడు ఈవిడ మీకు లెక్కప్రకారం ఏమీ కారు.”

వదిన నా భుజం మీంచి ముందుకి వంగింది.

“బాబూ, మీ ఇంట్లో టీవీ సూస్తారా?”

“రోజూనండి. మా పిల్లలు మీరంటే ప్రాణం పెడతారు వదినగారూ” అన్నాడాయన.

అనేశాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. తల వంచుకుని కిటికీ తలుపు మెల్లగా దగ్గరకి వేశాడు.

నేనూ వచ్చేస్తానన్నాను. వదిన నన్ను చెంప మీద కొట్టింది. పెళ్ళై మా ఇంటికి వచ్చినప్పట్నుంచీ నా మీద చెయ్యెత్తడం ఇదే మొదలు.

“ఇద్దరం సచ్చి ఏటి సాదిస్తాం? నువ్వుండు. మీ అన్నకి నానేటి సెప్పుకోవాలి?”

మర్నాడు సైరన్‌కి ముందే వెళ్ళిపోయింది. నాతో చెప్పలేదు.

కృత్తిక

గది చల్లగా ఉంది. మెత్తటి పరుపు, గోడకి నీలం రంగు. మొదటి నాలుగు రోజులూ నాకు బాగా నిద్రపట్టింది. అదే నాకు అసహ్యంగా ఉంది. అక్కడ ఆవిడ తడిగోనె కింద ఎలా ఉందో తెలుసు, అయినా నా కళ్ళు మూతపడ్డాయి. ఒళ్ళు ఎంత సిగ్గులేనిదో.

టీవీలో కొత్త పోటీ పెట్టారు. “కొత్త వదిన ఎవరు?” అని. జనం ఎన్నుకున్నారు. కొండమీది టౌన్ పిల్ల వచ్చింది, సమీర అని. నాకంటే చిన్నది, ఆట బాగా వచ్చు, మనిషి కూడా నెమ్మది. ఇసుక పని నేనొక్కదాన్నే చేస్తుంటే వచ్చి దంతె అందుకుంది.

“మిమ్మల్ని మరదలా అని పిలవమన్నారండి. పిలవచ్చా?” అని అడిగింది. తప్పు ఆ పిల్లది కాదు.

ఇవాళ మొదటి సరదా మ్యాచ్. బంతి లేచింది, పిలవాల్సింది నేను. నోరు తెరిచాను, మాట రాలేదు. ఫర్వాలేదు, పైనుంచి నా గొంతు వచ్చింది. సమీర చక్కగా కదిలి బంతి లేపింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పైనుంచే పిలుపు. ఆటంతా నేను ఒక్క కేకా వెయ్యలేదు, ఎవరికీ తేడా తెలియలేదు. గెలిచాం కూడా.

అప్పుడర్థమైంది నాకు. నేను లేకపోయినా ఇక్కడ ఏదీ ఆగదు. నా గొంతు ఉంటుంది, వదిన స్థానంలో ఇంకో వదిన ఉంటుంది. నేనున్నది నా ఒళ్ళు చల్లగా ఉంచుకోవడానికే.

హర్షిణి మేడమ్‌తో వెళ్ళిపోతానని చెప్పాను. బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరని చెప్పింది. తెలుసన్నాను. ఆవిడ తన గదిలోంచి ఐస్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు చేతులా పట్టుకోవలసినంత బరువుంది. “వదినగారికి” అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఐస్ కాలనీ దాకా రాలేదు. దారిలోనే నీళ్ళైంది, ఆ నీళ్ళు మాత్రం జాగ్రత్తగా తెచ్చాను.

వదిన నన్ను చూసి తిట్టింది. తిట్టి తిట్టి, ఆ నీళ్ళలో గుడ్డ ముంచి ముందు నా ముఖం తుడిచింది.

రోహిణి

రాయడానికి కాగితం చేతికి అంటుకుంటోంది.

వదిన మూడు రోజుల నుంచి లేవలేదు. ఉన్న నీళ్ళన్నీ ఆవిడ గోనె మీదే పోస్తున్నాను. రామన్న తాత తన వంతు నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. తర్వాత వీధంతా తెచ్చారు, తలా చెంబెడు. వద్దంటే ఒకావిడ “మా వదిన కాదేటి?” అంది. వాళ్ళందరికీ రుణపడి ఉన్నాను. కాని నీళ్ళు కూడా వేడిగానే ఉన్నాయి. గోనె మీద పోసినవి పోసినట్టే ఆవిరైపోతున్నాయి.

మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతోంది. మాట తడబడుతోంది. మా అన్నతో మాట్లాడుతోంది, వల తీసుకురమ్మంటోంది. నన్ను చూసి ఎవరే నువ్వు అంది. నాను వదినా, నూకరత్నాన్ని, నీ నూకిని అన్నాను. నూకి గోదాంలో సల్లగా ఉన్నాది, నువ్వు నూకివి కావంది. నేను కాదనలేదు.

పక్కింటి రేకుల వెనక టీవీ మోగుతోంది. లీగ్ పాత మ్యాచ్‌లే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. జనం హోరు, ఆ చెరువులాంటి సముద్రం, ఈలలు. వాటి మధ్య నా గొంతు గట్టిగా, స్పష్టంగా వినబడింది.

“వదినా.”

వదిన కళ్ళు తెరిచింది. మోచెయ్యి నేల మీద ఆనించింది. ఇన్నాళ్ళూ తల ఎత్తలేని మనిషి, గోనె పక్కకి తోసి లేవబోతోంది.

“వత్తన్నానే” అంది. “వత్తన్నాను, ఉండు.”

భుజాలు పట్టుకున్నాను. చేతులకి ఆవిడ ఒళ్ళు నిప్పులా తగిలింది. నన్ను విదిలించుకుని పైకి, రేకుల వైపు చూస్తోంది. బంతి అక్కడే ఉంది ఆవిడకి. టీవీలో నా గొంతు మళ్ళీ పిలిచింది. ఆవిడ కాళ్ళు కదిలాయి.

ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాను.

“వదిలెయ్, వదినా.”

ఆగింది. ఈసారి విన్నది నా మాటే. నా ముఖంలోకి చూసింది, ఇప్పుడు నన్ను గుర్తుపట్టింది.

“బయటకే పోతందా?” అంది.

“బయటకే వదినా. ముట్టుకోకు.”

మెల్లగా వెనక్కి వాలి నా ఒళ్ళో తల పెట్టుకుంది. కళ్ళు మాత్రం పైనే, బంతి దిగేదాకా చూస్తున్నట్టు.

“పడిందేటి?”

“పడింది. పాయింటు మనదే.”